అలిగేవాళ్ల లిస్టు

పోయిన ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గాని ప్లేటు చేతిలోకి వచ్చిందో లేదో ఫోను మోగింది.

“మేడమూ, మా మామ పోయినాడు. కంట్రోలర్ సారు. మధ్యాన్నం మూడుకు ఎత్తుతాండాం. మీకు ఆఖరి బండి, డ్రైవరు పక్కన సీటు.”

చావు కబురూ సీటూ కలిపి చెప్పిన ఫోను నేను వినడం అదే మొదలు. మాట్లాడింది ఆయన అల్లుడు. ఏడుస్తూనే ఉన్నాడు, సీటు మాత్రం తడబడకుండా చెప్పాడు.

“సీటేందప్పా?” అన్నాను.

“ఏమో మేడమూ, అంతా ఆయప్పే కాగితం మీద రాసిపెట్టిండాడు. ఏ బండిలో ఎవురు, ఎవురి పక్కన ఎవురు. ఫోన్లు గూడా వరసగా రాసిండాడు. మొదటి ఫోను మీకు. ఆయప్ప సొంత తమ్మునికి గూడా ఇంగా చెప్పలే.”

ఉగ్గాని అట్లాగే చల్లారిపోయింది. నేను ఆయనకు కూతుర్ని కాను, చుట్టాన్ని కాను. నాది రాజంపేట వైపు, ఆయనది కోయిలకుంట్ల వైపు. మరి మొదటి ఫోను నాకెందుకు? కర్నూలులో కారెక్కినప్పటి నుంచి దారి పొడుగునా అదే ఆలోచించాను. ఆ మనిషి ఊరికే చేసిన పని ఒక్కటీ లేదు. ప్రతిదాని వెనకా ఏదో కొంటె లెక్క ఉండేది. అది మనకు అర్థమయ్యేసరికి ఆయన చెప్పిన సీట్లో బుద్ధిగా కూర్చుని ఉంటాం.

పేరు రాయను. పింఛను కాగితాల మీద తప్ప ఆ పేరును ఎవరూ వాడింది లేదు. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో చెప్పే కంట్రోలర్‌గా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. రిటైరయ్యాక కుర్చీ అక్కడే వదిలేసి గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య అన్నానికి పిలిస్తే, “వస్తాండాది, వస్తాండాది, అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తాండాది” అని తన గురించే ముక్కుతో ప్రకటించుకునేవాడు. ఉతికి ఉతికి రంగు పోయిన ఖాకీ చొక్కా, కుడి చెవి మీద బాల్‌పెన్ను, జేబులో వేయించిన బుడ్డలు. వేరుశనక్కాయల్ని ఆ వైపు బుడ్డలంటారు. ఆయన నడిచిన దారి కనుక్కోవాలంటే రాలిన పొట్టు చూసుకుంటూ పోతే చాలు.

మనుషుల్ని చూడగానే కొలత వేసేవాడు. నన్ను మొదటిసారి చూసి “ఒకటిన్నర సీటు” అన్నాడు. ఆ అర సీటు నా హ్యాండ్‌బ్యాగుకంట. మా తహసీల్దారును “ఫుట్‌బోర్డు మనిషి” అన్నాడు, ఎప్పుడు ఎక్కడ దిగి పారిపోదామా అని చూస్తుంటాడు గనక. తహసీల్దారు గురించి అంతకన్నా నిజమైన మాట ఎవరూ అనలేదు, ఆ ముక్క వినగానే నేను నవ్వాపుకోలేక ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని పెండ్లి బండ్లు. పెండ్లికి కట్టగట్టుకుని పొరుగూరికి పోయే జనాన్ని ఆ వైపు దిబ్బణం అంటారు. రెండు వందల మంది, రెండు బస్సులు, ఒక లారీ, నాలుగు జీపులు. ముహూర్తానికి గంట ముందు అందరూ అక్కడ ఉండాలి. అది ఆయన చేతిమీదుగా జరిగేది. “పెండ్లిలో మొదటి కొట్లాట పందిట్లో గాదు పాపా, బస్సు మెట్టుకాడ” అనేవాడు. అందరూ ఎక్కాక లెక్కబెట్టి, బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి “రైట్ రైట్” అనేవాడు. ఆ రెండు దెబ్బలు పడకపోతే ఏ డ్రైవరూ గేరు వేసేవాడు కాదు.

ఆయనతో నాకు పని పడింది వరద వల్ల. ఆరేళ్ల కిందట నేను ఆ వైపు ఒక మండలంలో డీటీగా, అంటే డిప్యూటీ తహసీల్దారుగా, చేరాను. మొదటి పోస్టింగు. నా నెత్తిన పెట్టిన పని, ఏరు పొంగితే ఒక ఊరిని ఖాళీ చేయించడానికి బండ్లు ఏ దారిన రావాలో, ఎక్కడ ఆగాలో, ఎవరిని ఎక్కించుకోవాలో ప్లాను తయారుచేయడం. ఊరి పేరు కూడా చెప్పను. చెబితే అక్కడ ఎవరెవరు ఎందుకు అలిగారో లోకమంతా తెలిసిపోతుంది. అరవై ఇళ్లు. ఒక పక్క ఏరు, ఇంకో పక్క వంక. ఉండేది ఒక్కటే రోడ్డు, అది వంకలోకి దిగి ఎక్కుతుంది. ఏటికి పైనుంచి నీళ్లొస్తే వంక వెనక్కి తన్నుతుంది, ముందు రోడ్డు మునుగుతుంది, తర్వాత ఊరు. కబురు అందినప్పటి నుంచి రోడ్డు మునిగేదాకా మనకుండేది మూడు గంటలు. ఆ మూడు గంటల్లో అరవై ఇళ్లూ బండ్లెక్కాలి, లేకపోతే మనుషులు నీళ్ల మధ్యన చిక్కుకుపోతారు.

నేను ఇంజినీరింగు చదివినదాన్ని. కంప్యూటర్లో మ్యాపు గీశాను. ఎర్ర గీత బస్సుకు, నీలి గీత లారీకి, బాణం గుర్తులు, ఆగే చోట్లు, సీట్ల సంఖ్య. ఆ మ్యాపు చూసుకుని నాకే ముద్దొచ్చింది. రిహార్సలు పెట్టాం. ముందురోజు మైకులో చెప్పించాం, “రేపు పది గంటలకు బండ్లు వస్తాయి, అందరూ ఎక్కవలెను” అని. పది గంటలకు చూస్తే మూడు ఊళ్ల జనం. తలలు దువ్వుకుని, భుజాన కొత్త తుండుగుడ్డలు.

“ఏ పార్టీ సభమ్మా?” అన్నాడొక పెద్దాయన. “ప్యాకెట్లో కోడి ముక్క ఉంటాదా, గుడ్డేనా?”

సభ కాదు, వరద రిహార్సలు అని చెప్పాను. వరద ఏదని అడిగారు. ఇప్పుడు లేదన్నాను. “నీళ్లు లేవు, సభ లేదు, అన్నం లేదు, మరి బండ్లు ఏంటికి పంపించినావు మేడమూ?” అని ఒకామె నా ముఖాన్నే అడిగి దిగిపోయింది. నేను ఖాళీ చేయించాల్సిన ఊరివాళ్లు అందులో పదకొండు మంది. మిగతావాళ్లు బండి మా వీధిలోకి రాలేదని ఇంట్లోనే కూర్చున్నారు. నెల తర్వాత మళ్లీ పెడితే రెండు మేకలు తప్ప ఎవరూ రాలేదు. అప్పుడు తలారి నా చెవిలో చెప్పాడు. “జనాన్ని బండ్లు ఎక్కియ్యాలంటే కంట్రోలర్ సారే మేడమూ. ఇంగ ఎవురి వల్లా గాదు.”

అట్లా ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. నా మ్యాపును టేబుల్ మీద పరిచి, జేబులోంచి బుడ్డలు తీసి ఇంటికొకటి పెట్టాడు. నా స్టేప్లరు బస్సు అయింది, ఫోను చార్జరు ట్రాక్టరు అయింది. ఏ ఇంటి నుంచి ఎవరు ఏ సందులో నడిచి వస్తారో జరిపి చూపిస్తూ, మాటల్లో పడి ఒక్కొక్క ఇల్లే ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

“సార్, మీరు పడమటి వీధి మొత్తం తినేశారు” అన్నాను.

“నీ బస్సు కోసరం ఎదురు చూసేదానికన్నా నా కడుపులో భద్రంగా ఉంటార్లే పాపా” అన్నాడు.

కోపం వచ్చింది. నేను గెజిటెడ్ ఆఫీసర్ని కాకపోవచ్చు, పాపను మాత్రం కాను. ఆయన నా కోపాన్ని కూడా ఒకసారి కొలిచి చూసి, సంచిలోంచి బడిపిల్లల నోటుబుక్కు ఒకటి తీశాడు. అట్ట మీద “అలిగేటోళ్ల లిస్టు” అని రాసి ఉంది.

“నీ మ్యాపులో దావలుండాయి, మనుషులు లేరు” అన్నాడు. “ఒగ మనిషి అలిగి అరుగు మీద కూచుంటే యాభై మంది ఆడనే నిలబడిపోతారు. ఆయప్పను వదిలిపెట్టి వాళ్లు ఎక్కరు, ఆయప్ప ఎక్కడు. వంక నీ బాణం గుర్తులు చూసుకుంటా ఆగుతాదా?”

ఇన్నేళ్ల దిబ్బణాల్లో ఎవరెవరు ఎందుకు అలిగారో అందులో ఊరి వారీగా రాసిపెట్టుకున్నాడు. ప్రతి పేరు పక్కనా విరుగుడు కూడా ఉంది. పడమటి వీధి టైలరు, డ్రైవరు పక్కన సీటు ఇయ్యకపోతే అలుగుతాడు. మాజీ వార్డు మెంబరు, పేరుతో పిలిస్తే అలుగుతాడు, మెంబరూ అనల్ల. ఇద్దరు తోడికోడళ్లు ఒకే బండి ఎక్కరు, ఒకామె ఎక్కిన బండి మంచిదని ఇంకొకామెకు తెలియకూడదు. కోళ్లను వదిలి రానివాళ్లు, కోళ్లతో వచ్చేవాళ్ల పక్కన కూర్చోనివాళ్లు. చదువుతుంటే కోపం ఎప్పుడు పోయిందో తెలీలేదు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

ఆ ఊరి పేజీలో మొట్టమొదటి పేరు ఒక అవ్వది. దాని పక్కన విరుగుడు లేదు, ఖాళీగా వదిలేశాడు. “ఈమెకేం సార్?” అన్నాను. ఆయన నోటుబుక్కు మూసి, పెన్ను చెవి మీద పెట్టుకుని, “టీ తెప్పియ్యి పాపా” అన్నాడు. ఆ రోజు మళ్లీ ఎకసెక్కెమాడలేదు.

సంగతి తర్వాత ఆయన భార్య చెప్పింది. రిటైరయ్యాక ఆయన కదిలించిన మొదటి దిబ్బణం ఆ అవ్వ మనవడి పెండ్లిది. అందరూ ఎక్కారు. తలంబ్రాల పళ్లెం మరిచిపోయానని అవ్వ ఇంట్లోకి పరిగెత్తింది. ఆయన తలలు లెక్కబెట్టాడు. లెక్క సరిపోయింది, రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి, బస్సు కదిలిపోయింది. అవ్వ కొత్త పట్టుచీరలో, చేతిలో పళ్లెంతో వాకిట్లో నిలబడిపోయింది. బస్సులో ఒక్కొక్కరూ ఆమె ఇంకో బండిలో ఉందనుకున్నారు. మనవడి తాళి ఆమె లేకుండానే పడింది. లెక్క ఎట్లా సరిపోయిందంటే, ఎవరి ఒళ్లోనో ఉన్న చంటిపిల్లను ఆయన ఒక మనిషి కింద లెక్కబెట్టాడు. ఆ రోజు తర్వాత అవ్వ ఆయనతో మాట్లాడలేదు. ఏ బండీ ఎక్కలేదు. సంతకు కూడా నడిచే పోయేది. లిస్టు రాయడం ఆయన మొదలుపెట్టింది ఆ పెండ్లి నుంచే.

“రోడ్డు మీద ఆమె నడుస్తా అగపడితే, ఈయన స్కూటరు దిగి తోసుకుంటా వస్తాడమ్మా” అంది ఆయన భార్య. “ఆమె ముందర బండి మీద పోయేదానికి మొగం చెల్లక.”

మరుసటి ఏడాది నిజంగానే వరద వచ్చింది. పగలు పదకొండుకు కబురు, పైన నీళ్లు వదిలారు, రెండు గంటలకల్లా రోడ్డు మునుగుతుందని. చిక్కేమిటంటే మా దగ్గర ఆకాశంలో మబ్బుతునక లేదు. ఎండ మాడ్చేస్తోంది. వాన ఎక్కడో కర్ణాటకలో పడింది. మైకు పట్టుకుని వీధి వీధి తిరిగాను. జనం గుమ్మాల్లోంచి ఆకాశం వైపు చూసి, నా వైపు చూసి, లోపలికి పోయారు. “వాన లేంది వరద యాడిదమ్మా? పోయిన తూరి గూడా ఇట్లనే ఉత్త బండ్లు తెచ్చినావు” అని ఒకాయన జాలిపడ్డాడు. తప్పు నాదే. లేని వరదకు రెండుసార్లు పిలిచి, ఉన్న వరదకు నా మాట చెల్లకుండా చేసుకున్నాను. గొంతు పోయింది, ఏడుపొచ్చేలా ఉంది.

కంట్రోలర్ సారు మొదటి బస్సుతో వచ్చి దిగాడు. నా చేతిలో మైకు లాక్కుని డ్రైవరు సీటు కింద పెట్టేశాడు.

“కుంకుమ భరిణె ఉండాదా పాపా?”

“ఇప్పుడు కుంకుమెందుకు సార్?”

“మైకులో పిలిస్తే ఎవురొస్తారు? పన్ను కట్టమంటాండారేమో అనుకుంటారు. ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలువు. బొట్టు పెట్టినాక రామనేదానికి ఎవురికీ నోరు రాదు.”

“వరదకు పెండ్లి పిలుపా?”

“నీళ్లకు ఏ పిలుపైతే ఏంది? బిరీన పో.”

పోయాను. అంగన్‌వాడీ టీచరు దగ్గర భరిణె దొరికింది. డిప్యూటీ తహసీల్దారు, ప్రభుత్వం వారి గుర్తింపు కార్డు మెళ్లో వేలాడుతుండగా, చెమటలు కక్కుతూ అరవై గుమ్మాలు ఎక్కి దిగింది. “అక్కా, వంక అవతల బడి దగ్గర భోజనాలు. ఇంటిల్లిపాదీ రావాలి. బండి మీ వాకిట్లోకే వస్తుంది.” ఆశ్చర్యం, ఆడవాళ్లు నుదురు ముందుకు వంచారు, పిల్లల్ని కేకేశారు, తాళం వెతుక్కున్నారు. ఒక ఇంట్లో భర్త పోయినామె భరిణె చూసి వెనక్కి జరిగింది. నేను చూడనట్టే బొట్టు పెట్టేశాను. ఆ వీధిలో అందరికన్నా ముందు బస్సెక్కింది ఆమే.

ఆయన అప్పటికే ఇద్దరు తప్పెటవాళ్లను బస్సు ముందర నిలబెట్టాడు. మేళం ముందు నడిస్తే జనం వెనక నడుస్తారు, అది వాళ్ల కాళ్లకు అలవాటు. టైలరు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మాజీ మెంబరుగారిని “మెంబరూ, మీరు లేంది బండి కదల్దు” అని చెయ్యి పట్టి ఎక్కించాడు. తోడికోడళ్లలో ఒకామెకు “ఆ బస్సులో ఫ్యాను పనిచెయ్యదు” అని, రెండో ఆమెకు “ఈ బస్సుకు బ్రేకు సరిగా లేదు” అని చెప్పి, ఇద్దరినీ సంతోషంగా విడదీశాడు. కోళ్లు, మేకలు, మూటలు లారీకి. ఒంటిగంటన్నరకు ఊరు ఊరంతా బండ్ల మీద ఉంది. వంక రోడ్డు మీద చీలమండ లోతు నీళ్లు.

ప్లాను ప్రకారం అందరికన్నా ఆఖరున కదలాల్సింది నేను. అది నా డ్యూటీ. ఆఖరి బండి ట్రాక్టరు. ఇంకా అవ్వ ఒక్కతే మిగిలింది. నేను ఆమె ఇంటి వైపు అడుగు వేస్తుంటే ఆయన అడ్డం వచ్చాడు. “పాపా, రెండో బస్సులో బాలింత ఒగతె భయపడతాండాది. నువ్వు పక్కన కూచోకపోతే దిగిపోతానంటాది.” పరిగెత్తుకుంటూ పోయి ఎక్కాను. వెనక రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. బస్సు వంక దాటాక బాలింత చెయ్యి పట్టుకుని భయపడొద్దన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, “నాకేం భయం మేడమూ? ఎవురన్నారు?” అంది.

అప్పుడు తెలిసింది, నా మీద కూడా ఆయన విరుగుడు వాడాడని.

అవతలి గట్టున బడి దగ్గర నిలబడి చూస్తుంటే ట్రాక్టరు వచ్చింది. ఇంజను దాకా నీళ్లు కోసుకుంటూ వచ్చింది. ట్రాలీలో కుర్చీ వేసుకుని అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. ఆయన లేడు.

“సారేడి?” అని అరిచాను. ట్రాక్టరాయన తల దించుకున్నాడు. అవ్వ గుండెలు బాదుకుంటూ దిగింది.

“‘ఆ పొద్దు తప్పు నాదే అవ్వా, చంటిపిల్లను లెక్కబెట్టినా, ఎక్కు’ అని నా కాళ్లు పట్టుకున్యాడమ్మా. ఇన్నేండ్లకు ఆ మాట అన్యాడు. నాకు కడుపు మండె. ‘ఆ పొద్దు నన్ను నిలబెట్టి పోయినావు గదా, ఈ పొద్దు నువ్వు నిలబడు, నేను పోతా, అప్పుడు తెలుస్తాది నీకు’ అంటి. సరే అనె. నన్ను ఎత్తి కుర్చీలో కూచోబెట్టె. రేకు మీద రెండు దెబ్బలు కొట్టి పోనీ అనె. నేను మాటకంటిని గదమ్మా! మాటకంటే నిజంగా నిలబడతాడా!”

ట్రాక్టరు మళ్లీ పోవడానికి లేదు. చూస్తుండగానే రోడ్డు మాయమైంది. పడవ రేపు పొద్దునకు గానీ రాదన్నారు. నా పేరున రాసుకున్న ఆఖరి చోట్లో ఆ ముసలాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు, నేను ఇవతల పొడి నేల మీద. ఫోను చేస్తే ఎత్తాడు.

“పాపా, నేను రచ్చబండ పక్క మిద్దె మీద ఉండా. అవ్వ బర్రెలు రెండిట్నీ గట్టు మీదికి తోలినా. ఈడ శానా బాగుండాది. అన్నీ కిటికీ సీట్లే.”

నోటికొచ్చినట్టు తిట్టాను. సస్పెండు చేయిస్తానన్నాను. రిటైరైన మనిషిని ఏం సస్పెండు చేస్తానో నాకే తెలీదు. ఆ తర్వాత ఆయన ఫోను పనిచెయ్యలేదు. బడిలో రెండు వందల మంది ఉగ్గాని తిన్నారు, అవ్వ తినలేదు. ట్రాక్టరు మీది కుర్చీని గేటు దగ్గర వేయించుకుని, వంక వైపు ముఖం పెట్టి తెల్లారేదాకా అట్లాగే కూర్చుంది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

పొద్దున నీళ్లు కొంచెం తగ్గాయి. పడవ ఇంకా దారిలోనే ఉంది. వంకలో ముందు రెండు కొమ్ముల జతలు కనిపించాయి, వెనక ఒక బర్రె తోక పట్టుకుని రొమ్ము లోతు నీళ్లలో ఆయన. చెవి మీద పెన్ను అట్లాగే ఉంది. గట్టెక్కి వణుకుతూ నిలబడ్డాడు. అవ్వ లేచి ఆయన ఎదురుగా పోయింది. కాళ్ల మీద పడుతుందనుకున్నాను.

“పాలు పిండినావా?” అంది.

“పిండితి.”

“ఏవి?”

“తాగేస్తి.”

అవ్వ తన భుజాన ఉన్న దుప్పటి తీసి ఆయన నెత్తిన వేసి గట్టిగా తుడిచింది. చిన్నపిల్లవాణ్ణి తుడిచినట్టు, ఆయన తల అటూ ఇటూ ఊగేలాగా తుడిచింది.

నేను మాత్రం మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఫోను ఎత్తలేదు. ఆఫీసుకు పంపిన బుడ్డల సంచి తిప్పి పంపాను. నన్ను అబద్ధమాడి బస్సెక్కించాడు, నేనుండాల్సిన చోట తను ఉన్నాడు, ఆయన పోయుంటే నేను బతికినన్నాళ్లూ ఏం కావాలి? ఒక రోజు ఆయన భార్య ఆఫీసుకు వచ్చి, అందరూ చూస్తుండగా నాకు బొట్టు పెట్టింది. “మా ఇంట్లో భోజనం మేడమూ. పండగ గిండగ ఏం లేదు. ఊరికే రావల్ల.” నోరు రాలేదు. పోయాను.

సంగటి, ఊరుమిండి పచ్చడి వడ్డించి సారు ఎదురుగా కూర్చున్నాడు. “అలక తీరెనా పాపా?”

“నేనేం అలగలేదు. కోపం వచ్చింది, అంతే.”

ఆయన చెవి మీది పెన్ను తీశాడు. నోటుబుక్కు తెరిచి, నాకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి ఏదో రాసుకున్నాడు. చూపించమన్నాను. “డిపార్టుమెంటు రహస్యం” అన్నాడు.

ఆదివారం ఆ ఇంటికి చేరేసరికి రెండున్నర. గోడ మీద కాగితం అతికించి ఉంది, బండ్ల లిస్టు, ఆయన చేతిరాత. మట్టి చేసేది వాళ్ల ఊరి చేను దగ్గర, అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. “మొదటి బండి: నేను, నా తలకాడ అవ్వ” అని రాసుకున్నాడు. అంత దూరం ఆడవాళ్లు పోయే పద్ధతి అక్కడ లేదు. లిస్టులో ఉంది గనక ఎవరూ నోరెత్తలేదు. అవ్వ అప్పటికే ఎక్కి కూర్చుంది.

కంట్రోలర్ సారు కూతుర్ని నోటుబుక్కు అడిగాను. బుడ్డల పొట్టు రాలుతున్న పేజీలు తిప్పాను. అవ్వ పేరు పక్కన ఖాళీ ఇప్పుడు లేదు. “విరుగుడు: నేను దిగడం” అని ఉంది. ఆఖరి పేజీలో నేనున్నాను.

“డీటీ పాప. ఆఖరి బండి ఇయ్యకపోతే అలుగుతాది. కబురు అందరికన్నా ముందు చెప్పకపోతే ఇంగా అలుగుతాది. అలగలేదంటాది, నమ్మకూడదు. విరుగుడు: మొదటి ఫోను, ఆఖరి బండి.”

చావింట్లో గట్టిగా నవ్వేశాను. అందరూ తిరిగి చూశారు. ఆ నవ్వు ఏడుపు ఎప్పుడైందో తెలీదు, వాళ్ల అమ్మాయి వచ్చి నా వీపు నిమిరింది.

మూడయింది. అందరూ ఎక్కారు. అయిదు బండ్లు వరసగా నిలబడ్డాయి, ఒక్కటీ కదలలేదు. డ్రైవర్లంతా ఆయన దగ్గర చేసినవాళ్లే, వాళ్ల చెవులు ఆ రెండు దెబ్బల కోసం ఎదురుచూస్తున్నాయి. కొట్టేవాడు మొదటి బండిలో పడుకుని ఉన్నాడు. ఆఖరి బండి నాది గనక లెక్క నాదే అనుకున్నాను. వెనక నుంచి ఒక్కొక్క బండీ తొంగిచూసి, తలలు లెక్కబెట్టుకుంటూ ముందుకు వచ్చాను. మొదటి బండి దగ్గర అవ్వ ఆయన తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వాళ్లిద్దరూ ఒకే బండిలో ఉండడం అదే మొదటిసారి.

“లెక్క సరిపోయినాదా మ్మే?” అంది.

“సరిపోయింది అవ్వా.”

“చంటిపిల్లోల్లను లెక్కబెట్టలేదు గదా?”

“లేదు.”

“మల్లొకతూరి చూసుకో.”

మళ్లీ మొదటి నుంచి ఆఖరు దాకా పోయి, చూసి, తిరిగి వచ్చాను. ఎవరూ మిగల్లేదని చెప్పాను. అవ్వ చెయ్యి బయటికి చాపి, బండి రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆ వయసుకు గట్టి దెబ్బలే.

బండి కదిలింది. నేను నా సీటు పోతుందేమోనని ఆఖరి బండి దగ్గరికి పరిగెత్తాను.